మలుపు తిరగని లారీ

శౌరయ్య నోరు తెరిచాడంటే బెజవాడ ఆటోనగర్లో పానాలు పట్టుకున్న చేతులు ఆగిపోతాయని పేరు. ఆ రోజు కూడా ఆగాయి. కాకపోతే ఆ రోజు కథ అవసరం వినేవాళ్లకన్నా అతనికే ఎక్కువ.

యాభై ఏడేళ్ల మనిషి. ఇల్లు గుణదలలో. పాత కంప్యూటర్లు బాగుచెయ్యడం అతని పని. బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ల షాపులు కొత్తగా పడుతున్న రోజుల్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు ఇప్పటికీ దించలేదు. ఈ కాలంలో పాత డెస్క్‌టాప్ ఎవరు తెస్తారు బాగుచెయ్యమని? కానీ కాటాల దగ్గరా, లేతు మిషన్ల దగ్గరా కొన్ని ముసలి కంప్యూటర్లు ఇంకా బతికే ఉన్నాయి. వాటిని పీకేస్తే వాటి వెనకున్న మిషన్ కూడా పాత ఇనుముకే. అలాంటివాళ్లకి శౌరయ్యే దిక్కు.

జయకృష్ణ షెడ్డులో వీల్ అలైన్‌మెంట్ మిషన్ అలాంటిదే. లారీ చక్రాలు ఎటు ఎంత వంకరపోయాయో తెర మీద చూపిస్తే, దాన్ని చూసి సొలొమోను సరిచేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మిషన్ మీద ఉన్నది సొలొమోను ఒక్కడే. దాని హార్డ్ డిస్కు రెండు రోజులుగా మూలిగి, ఆ పొద్దున మొండికేసింది. ప్రోగ్రాం ఉన్నది ఆ డిస్కులోనే. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈ కబురు ఎలా తెలిసిందో, పది గంటలకల్లా కొత్త మిషన్లు అమ్మే కిరీటి కాగితాలు పట్టుకుని దిగాడు. కొత్త మిషన్‌తో పాటు దాన్ని నడిపే మనిషిని కూడా కంపెనీయే ఇస్తుందట.

"మూడింటిదాకా చూస్తాను శౌరయ్యగారూ," అన్నాడు జయకృష్ణ. "మూడు దాటితే సంతకం పెట్టేస్తాను. బండ్లు తిరిగి పోతున్నాయి."

సొలొమోను శౌరయ్య చేతిలో సంచీ అందుకుని ముందు నడిచాడు, అంతే. అలా ఏమీ అనకపోవడమే శౌరయ్యకి గుచ్చుకుంది.

ఇంట్లో అట్టపెట్టెలో దాచుకున్న పాత రకం డిస్కు ఒక్కటే మిగిలింది అతని దగ్గర. దాన్ని తెచ్చి, మూలిగే డిస్కు పక్కనే అదే కేబులుకి తగిలించి, ఇందులోంచి అందులోకి కాపీ పెట్టాడు. పాతది దెబ్బ తగిలిన చోటల్లా ఆగుతుంది, మళ్లీ మూలిగి కదులుతుంది. తెర మీద శాతం ఒక్కో అంకె పెరగడానికి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. తొంభై దగ్గర ఆగి పావుగంట కదల్లేదు. అక్కడ కూర్చోలేక సంపూర్ణమ్మ టీ కొట్టుకి వచ్చేశాడు. అప్పటికే అక్కడ లారీ డ్రైవరు జయపాల్, ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు, బెంచీ చివర కాళ్లు చాపుకుని కిరీటి.

"అంకుల్, ఆ వెడల్పు కేబులు డిస్కులు ఇంకా దొరుకుతున్నాయా మీకు?" అన్నాడు కిరీటి నవ్వుతూ. "మ్యూజియంలో పెట్టాల్సినవి కదా!"

బెంచీ మీద రెండు నవ్వులు వినబడ్డాయి. శౌరయ్య గ్లాసు కింద పెట్టాడు.

"మ్యూజియమా? అబ్బాయ్, నీ కొత్త డిస్కులు పోతే ఎలా పోతాయి? చడీచప్పుడు లేకుండా. పొద్దున ఉంటాయి, సాయంత్రానికి ఉండవు. నా పాత డిస్కు పోయేముందు చెప్పి పోతుంది. మూలుగుతుంది, దగ్గుతుంది, టిక్కుటిక్కుమంటుంది. మనిషిలా పోతుందయ్యా అది. కంకిపాడు సంగతి తెలుసా నీకు?"

"మొదలెట్టాడు బాబాయి," అని జయపాల్ బెంచీ మీద సర్దుకున్నాడు. "ఇంకో టీ పొయ్యండి సంపూర్ణమ్మగారూ."

"పదిహేనేళ్లయింది. కంకిపాడు దాటాక రోడ్డు మీదే ఒక అలైన్‌మెంటు షెడ్డు. ఫోనొచ్చింది, డిస్కు పోయిందని. జేబులో ఒక్క స్క్రూడ్రైవరు వేసుకుని బస్సెక్కా. వెళ్లి కంప్యూటర్ ఆన్ చెయ్యమన్నా. డిస్కుకి చెవి ఆనించా. డాక్టరు గుండెకి గొట్టం పెట్టినట్టు. లోపల పళ్లేలుంటాయి, గుండ్రంగా, అద్దాల్లాగా. మూడో పళ్లెం, కింది వైపు, అంచు నుంచి వెంట్రుకవాసి లోపలికి, గీత పడింది. చెవితోనే చెప్పా."

"చెవితో గీత ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు ఒక మెకానిక్కు.

"నువ్వు ఇంజను శబ్దం విని ఏ వాల్వు పోయిందో చెప్పవూ? ఇదీ అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త డిస్కు కోసం బెజవాడంతా ఫోన్లు చేశా. లేదు. గుంటూరు, లేదు. ఏలూరు, లేదు. సరే, లేకపోతే మానె అనుకుని, చచ్చిపోయిన డిస్కులు మూడు తెప్పించా. ఒకదాంట్లో మోటారు బాగుంది, ఇంకోదాంట్లో పళ్లేన్ని చదివే ముల్లు బాగుంది, ఇంకోదాంట్లో పళ్లేలు బాగున్నాయి. మూడూ కలిపి ఒకటి చెయ్యాలి. కానీ డిస్కు మూత తియ్యకూడదు, దుమ్ము రేణువు పడిందంటే అయిపోయినట్టే. మరి లారీ షెడ్డులో దుమ్ము లేని చోటెక్కడిది?"

"ఎక్కడిది బాబాయ్?"

"దోమతెర! ఓనరుగారి ఇంట్లోంచి పెళ్లినాటి పట్టెమంచం, దోమతెరతో సహా, నలుగురితో మోయించా. తడిపిన దుప్పట్లు చుట్టూ కప్పించి, లోపల నేనూ, స్క్రూడ్రైవరూ, బిగబట్టిన ఊపిరీ. నాలుగు గంటలు ఊపిరి తియ్యలేదు."

"నాలుగు గంటలా!"

"మధ్యలో ఒకసారి తీశాలే, అబద్ధమెందుకు."

అందరూ గొల్లుమన్నారు. కిరీటి కూడా ఫోన్లోంచి తలెత్తాడు. అది చూసి శౌరయ్యకి ఒంట్లోకి సత్తువ వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"మూత బిగించి స్విచ్చి వేశా. మామూలు డిస్కు నిమిషానికి ఏడువేల రెండొందల చుట్లు తిరుగుతుంది. ఇందులో మూడు డిస్కుల ప్రాణం ఉందా? ఇరవై ఒక్కవేల ఆరొందలు! కంప్యూటరు బల్ల మీద నడవడం మొదలెట్టింది. మోకు తెచ్చి ర్యాంపు మీదున్న పన్నెండు చక్రాల లారీకి కట్టేశాం. లారీ ఊగుతోంది. ఇంతలో కరెంటు పోయింది. అప్పట్లో రోజూ పోయేదిగా. షెడ్డంతా చీకటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డిస్కు ఆగలా! అదే ఊపున తిరుగుతోంది. ఎందుకు వృథా అని దానికో బెల్టు తగిలించి, కంప్రెసరు నడిపించి, పన్నెండు టైర్లకీ గాలి కొట్టించా."

"గుణదల మాత మీద ఒట్టు?" అన్నాడు జయపాల్.

"తల్లిని ఇందులోకి లాగకు. నా మాట చాలదూ?"

అప్పుడే షెడ్డు గుమ్మంలోంచి సొలొమోను వచ్చి టీ కొట్టు దాకా రాకుండా రోడ్డు మధ్యలోనే నిలబడ్డాడు. "శౌరయ్యా, తొంభై ఆరు అయింది," అన్నాడు.

"కానీ, కానీ," అని చెయ్యూపాడు శౌరయ్య, అటు చూడకుండానే. సొలొమోను తిరిగి వెళ్లిపోయాడు.

"ఇంతకీ అలైన్‌మెంటు వచ్చిందా?" కిరీటి అడిగాడు.

"వచ్చిందా అంటావేంటి! అంత తిన్నని అలైన్‌మెంటు భూమ్మీద ఏ మిషనూ ఇవ్వలా. నీ కొత్త మిషను వెంట్రుకవాసి తేడా చూపిస్తుందా? మాది ఆ వెంట్రుకని నిలువునా నాలుగు చీలిస్తే అందులో ఒక ముక్కంత తేడా చూపించింది. దాని ప్రకారం చక్రాలు బిగించి లారీ వదిలాం. నూజివీడు మామిడికాయల లోడు, బందరు వెళ్లాలి. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి తీసి బీడీ ముట్టించుకున్నాడు. బండి గీత గీసినట్టు పోతోంది. వాడు నిద్రపోయాడు. ఉయ్యూరు దగ్గర మెలకువొచ్చింది. ఎదురుగా మలుపు. స్టీరింగు తిప్పాడు. తిరగలా!"

"అయ్యో!"

"ఎలా తిరుగుతుంది? చక్రాలకి వంకర అనేదే లేకుండా చేశాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీ తిరగలా, రోడ్డే సర్దుకుంది. ఆ మలుపు గుర్తుందా నీకు జయపాల్? ఇప్పుడుందా అది?"

"రోడ్డు వెడల్పు చేశారు కదా బాబాయ్."

"ఎందుకు చేశారనుకున్నావ్?"

జయపాల్‌కి టీ పొలమారింది. పక్కవాడు వీపు మీద చరిచాడు. అవతల గ్రీజు చేతులతో ఇంకో ఇద్దరు వచ్చి బడ్డీ గుంజకి ఆనుకున్నారు. శౌరయ్య గొంతు రోడ్డవతలికి వినబడుతోంది.

"బందరు వచ్చింది. మార్కెట్ దగ్గర ఆపాలి. బ్రేకు వేస్తే చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలా, ఆ తిన్నదనానికి అలా జారిపోతూనే ఉంది. మంగినపూడి బీచి. చేపలు ఆరబోసుకునే ఆడవాళ్లు పక్కకి తప్పుకున్నారు. లారీ సముద్రంలోకి దిగింది. మునిగిందా? మునగడానికి అటో ఇటో ఒరగాలి కదయ్యా! ఒరగందే మునగదు. అల మీద అల మీద అల మీద పోయింది. బందరు ఒడ్డున నిలబడి తిన్నగా చూస్తే అవతల ఏముంటుంది?"

"ఏముంటుంది?"

"రంగూన్! మూడోరోజు పొద్దున రంగూన్ ఒడ్డున తేలాడు. వాళ్లు మామిడికాయ మొహం చూసి ఎన్నాళ్లయిందో, గంటలో లోడు ఖాళీ. వాడికి రెండు పూటలా భోజనం పెట్టి, టేకుచెక్క దుంగలు నింపి పంపించారు."

"శౌరయ్యా, అయిపోయింది." సొలొమోను మళ్లీ రోడ్డు మధ్యలో ఉన్నాడు. "కాపీ అయిపోయింది. వస్తావా?"

"వస్తున్నా, వస్తున్నా, నువ్వు పద."

"ఆగండాగండి," జయపాల్ చెయ్యెత్తాడు. "దొరికారు బాబాయ్ ఇక్కడ! మలుపు తిరగని లారీ కదా? మరి రంగూన్ నుంచి వెనక్కి ఎలా తిరిగొచ్చింది?"

అందరూ శౌరయ్య మొహం చూశారు. శౌరయ్య గ్లాసులో మిగిలిన చుక్క తాగి, పెదాలు తుడుచుకుని అన్నాడు.

"రివర్సు గేరు ఎందుకిచ్చాడయ్యా కంపెనీవాడు?"

ఇక నవ్వులు ఆగలేదు. కిరీటి కళ్లు తుడుచుకున్నాడు. శౌరయ్య ఊపులో ఉన్నాడు. "ఇంకా అయిపోలా! ఆ టేకు దుంగలు కంకిపాడు వచ్చాక..."

"శౌరయ్యా," అంది సంపూర్ణమ్మ.

ఆమె పాల గిన్నె మీంచి తలెత్తలేదు. గొంతు పెంచలేదు. అయినా అతను ఆగాడు. అరవై దాటిన మనిషి, అతను అక్కా అని పిలిచే మనిషి.

"సొలొమోను రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లాడు. పది అడుగులు లేదు షెడ్డు. నువ్వు నాలుగో టీ తాగుతున్నావు. లారీని రంగూన్ దాకా పంపించినవాడివి, రోడ్డు దాటడానికి నీకేమొచ్చింది?"

ఎవరో దగ్గి ఊరుకున్నారు. కిరీటి వాచీ చూసుకున్నాడు.

శౌరయ్య ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. ఏమొచ్చిందో అతనికి తెలుసు. స్విచ్చి వెయ్యనంతసేపూ ఓడిపోయినట్టు కాదు. వేశాక, అటో ఇటో తేలిపోతుంది.

కంకిపాడులో షెడ్డు ఉండడం నిజం. డిస్కు పోవడం నిజం. ఆ షెడ్డులో డేనియల్ అని, సొలొమోను లాంటివాడే ఒకడు పనిచేసేవాడు. శౌరయ్య వెళ్లినప్పుడు ఆ డిస్కులో ఇంకా ప్రాణం ఉంది. ఓపిగ్గా కాపీ పెడితే వచ్చేదేమో. కానీ చుట్టూ పదిమంది చూస్తున్నారు. ఏదో గొప్పగా చెయ్యాలనిపించింది. దోమతెరా లేదు, ఏమీ లేదు. నడిఎండలో, ధూళిలో, అందరి ముందూ మూత ఊడదీశాడు. మళ్లీ అది కదల్లేదు. నెల తిరక్కుండా మిషను పాత ఇనుములోకి పోయింది. డేనియల్ హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్లాడని విన్నాడు. వెళ్లేముందు ఒక్కమాట అనలేదు ఆ మనిషి. ఆ ఏడాది నుంచే శౌరయ్య ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినప్పుడల్లా లారీ ఇంకొంచెం దూరం పోయేది.

"మూడింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది," అన్నాడు కిరీటితో. "కాగితాలు సంచీలో పెట్టుకో. పెన్ను కూడా."

రోడ్డు దాటాడు. వెనకాల జయపాల్, కిరీటి.

షెడ్డులో జయకృష్ణ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శౌరయ్య కంప్యూటర్ ఆపి, మూలిగే పాత డిస్కుని కేబులు నుంచి తీసేశాడు. కాపీ చేసినదొక్కటే ఉంచాడు. లోపల్లోపల మరియమ్మ తల్లీ అనుకుని స్విచ్చి నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒక్క వరస వచ్చి ఆగిపోయాయి. డిస్కు కనబడలేదని దాని అర్థం.

మళ్లీ ఆపి మళ్లీ వేశాడు. అదే వరస.

"పోన్లెండి శౌరయ్యగారూ," జయకృష్ణ లేచాడు. మంచిగానే అన్నాడు. "మీరు చెయ్యగలిగింది చేశారు."

కిరీటి సంచీ జిప్పు తీసిన చప్పుడైంది. సొలొమోను గోడవైపు తిరిగి, అక్కర్లేకపోయినా, కొక్కేనికి ఉన్న పానాలు వరసగా సర్దుతున్నాడు.

"ఆగండి," అన్నాడు శౌరయ్య. గొంతు అతనికే కొత్తగా ఉంది. "టైముంది నాకు. ఏడు నిమిషాలుంది. ఏడో నిమిషం దాకా ఇది నా మిషను. ఎవరూ ముట్టుకోవద్దు."

జయకృష్ణ మళ్లీ కూర్చున్నాడు.

ఈసారి చుట్టూ ఉన్నవాళ్లని చూడలేదు. కేబులు చివరలు రెండూ నొక్కి చూశాడు. కరెంటు తీగ చూశాడు. డిస్కు మీద అరచెయ్యి పెట్టాడు. సన్నగా అదురుతోంది. తిరుగుతోంది. అంటే బతికే ఉంది, పిలిస్తే పలకడం లేదు. ఎందుకు పలకడం లేదు?

అప్పుడు తట్టింది. ఒకే కేబులు మీద రెండు డిస్కులు పెట్టినప్పుడు ఏది ముందు, ఏది దాని వెనక అన్నది చెప్పడానికి డిస్కు వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. జంపరు అంటారు. పొద్దున కాపీ పెట్టేటప్పుడు ఈ డిస్కుని రెండోదిగా పెట్టింది తనే. మొదటిది తీసేశాడు గానీ, ఇక నువ్వే మొదటిదానివి అని దీనికి చెప్పలేదు. అది ఇంకా రెండో వరసలోనే నిలబడి, ముందున్నవాడు పలుకుతాడేమోనని చూస్తోంది.

ముప్పై ఏళ్ల పనిలో మొదటి వారం నేర్చుకున్న సంగతి.

కంప్యూటర్ ఆపి డిస్కు బయటికి లాగాడు. పట్టకారుతో జంపరు అందుకోబోయాడు. చెయ్యి వణికింది. మళ్లీ పట్టాడు, జారింది. కళ్లజోడు మీద చెమట. ఇంకోసారి పట్టుకుంటే అది ఊడి ఎగిరి కింద గ్రీజులో ఎక్కడ పడుతుందో.

"సొలొమోనూ, ఇలా రా. నా చెయ్యి నిలవడం లేదు. ఇదిగో, ఈ ముక్క. తీసి ఆ చివర రెండు పుల్లల మీద పెట్టు."

సొలొమోను చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చాడు. పట్టకారు తీసుకోలేదు. పద్దెనిమిదేళ్లు వెంట్రుకవాసి తేడాలు సరిచేసిన వేళ్లు అవి. బొటనవేలి గోరుతో ముక్క లేపి, శౌరయ్య చూపించిన చోట పెట్టి, మెల్లగా నొక్కాడు.

డిస్కు లోపలికి పెట్టారు. స్విచ్చి సొలొమోనునే నొక్కమన్నాడు శౌరయ్య.

నల్లటి తెర. తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఈసారి ఆగలేదు, కిందికి దిగుతూ పోయాయి. తర్వాత నీలం. తర్వాత, పద్దెనిమిదేళ్లుగా ఉన్నట్టే, లారీ బొమ్మ, దాని చక్రాల పక్కన సున్నాలు.

సొలొమోను తెర మీద చెయ్యి పెట్టి దుమ్ము తుడిచాడు. దుమ్మేమీ లేదు అక్కడ.

"జయపాల్, నీ బండి ఎక్కించు ర్యాంపు మీదికి," అన్నాడు సొలొమోను.

కిరీటి ఊరుకోలేదు. అతని ఉద్యోగం అది. "అంకుల్, కాదనట్లేదు. కానీ అది కూడా పాత డిస్కే కదా. ఎన్నాళ్లొస్తుంది?"

జయకృష్ణ కూడా అదే అడుగుతున్నట్టు చూశాడు. పదేళ్లకి ఢోకా లేదు అన్నమాట శౌరయ్య నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆరు నెలలు," అన్నాడు. "వేడెక్కకుండా చూసుకుంటే ఏడాది. ఈలోపు ఇంకో డిస్కు ఎక్కడున్నా వెతికి, కాపీ తీసి పక్కన పెడతాను. అది పోయిన రోజు మళ్లీ వస్తాను. ఆ తర్వాత పోయినా వస్తాను. నీకు ఓపికుంటే నువ్వూ రా."

జయకృష్ణ ర్యాంపు మీదికి ఎక్కుతున్న లారీ వైపు చూశాడు. "ఈసారికి వద్దులే కిరీటీ," అన్నాడు.

శౌరయ్య టీ కొట్టుకి వచ్చేసరికి బెంచీ మీదవాళ్లు జరిగి చోటిచ్చారు. సంపూర్ణమ్మ గ్లాసు కడుగుతూ అడిగింది.

"లేచిందా?"

"లేచిందక్కా."

"ఏం చేశావు?"

అందరూ చెవులు రిక్కించారు. ఒకడు పానా కింద పెట్టాడు.

"ఏం లేదు. వెనక పెసరబద్దంత ముక్క ఒకటుంటుంది. పొద్దున నేనే తప్పు చోట పెట్టాను. తీసి పక్క పుల్లల మీద పెట్టాం. అదీ నేను పెట్టలా. నా చెయ్యి వణికింది. సొలొమోను పెట్టాడు. అంతే."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది? లేచింది."

బెంచీ మీద ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. సంపూర్ణమ్మ అతన్ని ఎగాదిగా చూసి, టీ పోసి చేతికిచ్చింది.

"ఇన్నేళ్లుగా నువ్వు ఎన్ని చెప్పినా కాదనకుండా విన్నాను," అంది. "పెసరబద్ద జరిపితే కంప్యూటర్ లేచిందా! ఇంత అబద్ధం మాత్రం నువ్వెప్పుడూ చెప్పలేదు శౌరయ్యా."